కీర్తిశేషులు డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు

వినుకొండ ప్రాంతమున పుట్టి పెరిగినవారికి నీటి విలువను వేఱుగ బోధింపవలసిన పనిలేదు. కొండల నడుమ ఎఱ్ఱనేల కొంత, నల్లరేగడి కొంత. వాన కురిసిన పంట, కురియనిచో కఱవు. మన తాతల కాలపు వ్యవసాయమంతయు ఈ రెండుమాటలలో ఇమిడియుండెను. గుండ్లకమ్మ మన చెంతనే పాఱుచున్నను వేసవి వచ్చునప్పటికి అందు ఇసుకయే మిగులుచుండెను. కృష్ణవేణి పల్నాటి అంచున నిండుగ ప్రవహించుచుండియు, లోతైన లోయలో పాఱుటచే మన మెట్టపొలములకు అందకుండెను. కన్నులకు కనబడుచు చేతికందని ఆ నీరు నాగార్జునసాగరపు కుడికాలువగుండ మన పొలములకు వచ్చినది. ఆ మహాకార్యమునకు తమ విద్యను ధారపోసిన ఇంజనీరులలో అగ్రగణ్యులు డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు. వారి చరిత్రమును మా చదువరులకు, ముఖ్యముగ పై తరగతుల విద్యార్థులకు, సంగ్రహముగ తెలుప నుద్దేశించితిమి.

డాక్టరనగానే వైద్యుడని తలచుట మన గ్రామములలో పరిపాటి. లక్ష్మణరావుగారు నాడి చూచిన డాక్టరు కారు. కట్టడముల రూపకల్పనను గూర్చి పరిశోధన చేసి విశ్వవిద్యాలయముచే ఆ బిరుదము పొందినవారు. ఇంత పెద్ద చదువు రైతునకేమి యుపయోగమని అడుగువారు ఇప్పటికిని కలరు. ఆ ప్రశ్నకు వాదముకంటె వీరి జీవితమే మంచి సమాధానమని మా అభిప్రాయము.

లక్ష్మణరావుగారు 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన కృష్ణా జిల్లాలోని కంకిపాడు గ్రామమున ఒక సామాన్య బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రిగారు గ్రామ కరణము. కంకిపాడు డెల్టా గ్రామము. బెజవాడవద్ద కృష్ణకు అడ్డముగ మొదటి ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. కావున ఆ బాలుడు కన్ను తెఱచుసరికే చుట్టును కాలువలు, వరిమళ్లు నిండియుండెను. ఒక కట్టడము దేశముయొక్క ముఖమునెట్లు మార్చగలదో వారు పుస్తకమున చదువుటకు ముందే పొలముగట్టున చూచిరి. అదే నదికి పైభాగమున, కొలదిదినముల ప్రయాణములో, పల్నాటి ప్రజలు త్రాగునీటికి సైతము ఇబ్బంది పడుచుండిరి. ఒక నదికి రెండు ముఖములు! ఈ వ్యత్యాసమును తగ్గించుటయే వారి తరువాతి జీవితమునకు పనియైనది.

బాల్యము సుఖముగ గడువలేదు. తొమ్మిదవ యేట తండ్రి గతించెను. పాఠశాలలో ఆటలాడుచుండగా తగిలిన దెబ్బచే ఒక కంటి చూపు పోయెను. ఇంజనీరుకు కన్నులే మొదటి పనిముట్లు గదా. సన్నని గీతలతో నిండిన పటములు గీయుటకును, మట్టపు యంత్రముగుండ దూరపు గుర్తులను చూచుటకును చూపు కావలెను. అట్టి వృత్తిని ఒంటికన్నుగల బాలుడు కోరుట సాహసమని ఎవరికైన తోచును. ఆయన దానిని అడ్డంకిగ నెంచినట్లు వారి జీవితమున ఎచ్చటను కనబడదు. చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టము పొందిరి. అంతతో నిలువక పైచదువునకు పూనుకొని, మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగునందు మాస్టరు పట్టము పొందినవారిలో ప్రథములైరి. ఆ దినములలో ఇంజనీరింగు పట్టము చేతికి వచ్చినంతనే ప్రభుత్వోద్యోగము, గౌరవము, చాలినంత జీతము లభించుచుండెను. మాస్టరు పట్టమునకై మఱల పుస్తకముల ముందు కూర్చుండుట లాభదాయకమైన పనిగ ఎవరికిని కనబడియుండదు.

తరువాత వారు బర్మాదేశములోని రంగూనునందు ఆచార్యులుగ పనిచేసిరి. అప్పటికిని వారి విద్యాతృష్ణ తీరలేదు. ఇంగ్లండునకు పోయి బర్మింగుహాము విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించి, 1939లో డాక్టరేటు పొందిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియేడు. ఆ వయస్సున మన దేశమున అనేకులు చదువును మఱచి, పిల్లల చదువునుగూర్చి చింతించుచుందురు. వారు మాత్రము ఆచార్యపీఠమునుండి దిగి విద్యార్థి బల్లపై మఱల కూర్చుండుటకు సిగ్గుపడలేదు.

ఇచ్చట పరిశోధన యననేమో విద్యార్థులకు కొంచెము చెప్పవలసియున్నది. పాఠశాలలో మనము చేయు లెక్కకు సమాధానము పుస్తకము చివర అచ్చుపడియుండును. పరిశోధకుని లెక్కకు సమాధానము ఎచ్చటను వ్రాయబడియుండదు. ఆతడు ముందుగ తనకు పూర్వము ఆ విషయమున పనిచేసినవారి వ్రాతలనన్నిటిని చదువును. వారు ఎచ్చట ఆగిపోయిరో కనుగొనును. పిదప ఒక ప్రశ్నను ఏర్పఱచుకొని, గణితముతో ఒక ఫలితమును ఊహించి, ప్రయోగశాలలో దూలమునో స్తంభమునో చేయించి, బరువు పెంచుచు, అది వంగు కొలతను, పగులు క్షణమును గుర్తించును. ఊహయు, ప్రయోగమును కలిసినచో సంతోషము. కలియనిచో ఏది తప్పో వెదకవలెను. ఈ వెదకులాటయే పరిశోధనలో అధికభాగము. చివరకు తాను కనుగొన్న దానిని ఒక ప్రబంధముగ వ్రాసి, పెద్దల ముందుంచి, వారడుగు ప్రశ్నలకు నిలిచి సమాధానము చెప్పవలెను. అందుచే డాక్టరేటు బిరుదము కంటె, దానికై పడిన శిక్షణము గొప్పది. నమ్మదగినదేదో, నమ్మరానిదేదో వేఱుచేయు అలవాటు దానివలన అబ్బును.

వారు ప్రధానముగ కృషిచేసిన శాస్త్రము కట్టడముల శాస్త్రము, అందును ఇనుపకడ్డీలు చేర్చిన కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిపి పోసిన కాంక్రీటు, ఒత్తిడికి రాయివలె నిలుచును. లాగినచో మాత్రము సులభముగ తెగును. దాని లాగుడు బలము ఒత్తిడి బలములో సుమారు పదవవంతే. దూలముపై బరువు పెట్టినపుడు పైభాగము ఒత్తుకొనును, క్రిందిభాగము సాగును. ఆ సాగు భాగమున ఉక్కుకడ్డీలుంచినచో లాగుడును ఉక్కు భరించును. వేడిమికి ఉక్కును, కాంక్రీటును ఇంచుమించు సమానముగనే వ్యాకోచించుటచే ఆ రెంటికి కలిసిన పొత్తు చెడదు. 19వ శతాబ్దమున మోనియే అను ఫ్రెంచి తోటమాలి పూలకుండీలకు ఇనుపతీగలు చేర్చి 1867లో హక్కుపత్రము పొందెను. ఆ పూలకుండీలనుండి వంతెనలవఱకు ఈ విద్య పెరుగుటకు వందలకొలది పరిశోధకుల ఓర్పు కారణము. లక్ష్మణరావుగారు ఆ పరంపరలోనివారు. డాక్టరేటు పొందిన పిమ్మట ఇంగ్లండుననే కొంతకాలము సహాయాచార్యులుగ నుండి, కట్టడముల శాస్త్రమును, ఇనుపకడ్డీల కాంక్రీటును గూర్చి ఒక గ్రంథమును రచించిరి.

ఇంగ్లండుననే ఉండిపోయినచో వారికి ఆచార్యపదవియు, సుఖజీవనమును కొఱవడియుండవు. వారు స్వదేశమునకు మఱలి వచ్చి, మద్రాసు ప్రభుత్వమువారి కొలువున రూపకల్పన ఇంజనీరుగ చేరిరి. 1950లో ఢిల్లీకి పోయి రూపకల్పన శాఖకు డైరెక్టరుగను, 1954లో కేంద్ర జల విద్యుచ్ఛక్తి సంఘమున చీఫ్ ఇంజనీరుగను పనిచేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశాబ్దమది. దేశమున తిండిగింజలు చాలవు. నదులు వృథాగ సముద్రము పాలగుచుండెను. పెద్ద ఆనకట్టల రూపకల్పన నెఱిగినవారు బహు కొద్దిమంది. అట్టి సమయమున పరిశోధనలో ఆరితేరిన ఒక్క మనుష్యుని విలువ ఎంతయో మా చదువరులే ఊహింపవచ్చును.

ఇక మన ప్రాంతమునకు సంబంధించిన ఘట్టమునకు వత్తము. కృష్ణానదిపై నందికొండవద్ద ఆనకట్ట కట్టవలెనని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు మొదలగువారు పట్టుదలతో ప్రయత్నించిరి. 1952లో ఏర్పడిన ఖోస్లా సంఘము ఆ స్థలమును పరిశీలించి అనుకూలముగ అభిప్రాయపడెను. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. కట్టడపు పనిని చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీగారు నడపిరి. రూపకల్పనయందు లక్ష్మణరావుగారి ప్రతిభ ముఖ్యముగ తోడ్పడెను.

ఆనకట్టకు రూపము కల్పించుట యనిన ఏమో చిన్న లెక్కతో చెప్పుదుము. ఇది విద్యార్థుల తెలివిడికై వేసినదే గాని ఆ ఆనకట్ట కొలతలు గావు. జలాశయమున నీటిలోతు 100 మీటర్లనుకొందము. అడుగున ఒక్కొక్క చదరపు మీటరుపై నీటి ఒత్తిడి 100 టన్నులగును. నీటి మట్టమున ఒత్తిడి శూన్యము, అడుగున 100, సగటు 50. కావున ఒక్క మీటరు పొడవుగల గోడముక్కను త్రోయు మొత్తము బలము, 50ని 100చే గుణింపగా, 5,000 టన్నులు. దీని నెదిరించునది ముఖ్యముగ గోడయొక్క బరువే. రాతికట్టడము నీటికంటె సుమారు 2.4 రెట్లు బరువైనది. నీటివైపు మడమ పైకి లేవకుండవలెనన్నచో, 100 మీటర్ల ఎత్తుగల త్రికోణపు గోడకు సుమారు 65 మీటర్ల అడుగు వెడల్పు చాలునని లెక్క తేలును. కాని నీరు పునాది సందులలోనికి చొచ్చి గోడను క్రిందినుండి పైకెత్తుచుండును. ఆ ఒత్తిడి నంతయు లెక్కించినచో వెడల్పు సుమారు 85 మీటర్లు కావలెను. ఈ రెంటికి గల తేడా, ఒక్క మీటరు పొడవునకే 1,000 ఘనపు మీటర్ల రాయి! తక్కువ కట్టిన గోడ కూలును. ఎక్కువ కట్టిన బీద ప్రజల ధనము వ్యర్థమగును. గోడలో సొరంగములును, పునాదిలో రంధ్రములును ఏర్పఱచి ఊటనీటిని బయటికి తీసివేసినచో పైకెత్తు ఒత్తిడి తగ్గును. ఎంత తగ్గునో, దానిని ఎంతవఱకు నమ్మవచ్చునో నిర్ణయించుటయే రూపకల్పన చేయువాని బాధ్యత. అచ్చట పరిశోధనాశిక్షణము వెల తెలియును.

మఱియొక నిర్ణయమును చెప్పక విడువరాదు. ఆ కాలమున పెద్ద ఆనకట్టలను కాంక్రీటుతో, పెద్ద యంత్రములతో కట్టుట లోకపు వాడుక. మన దేశమున సిమెంటు కొఱత. యంత్రములు కొనుటకు విదేశద్రవ్యము కొఱత. రాయి మాత్రము సమృద్ధి, పనిచేయు చేతులు అంతకంటె సమృద్ధి. కాంక్రీటును గూర్చి గ్రంథము రచించిన లక్ష్మణరావుగారు తమ విద్యపై మమకారముతో కాంక్రీటునే కోరియుందురని తలంతుము. వారు రాతికట్టడమును బలపఱచిరి. విద్వాంసుడు తన విద్యకు కాక పనికి విధేయుడై యుండవలెననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు కనబడదు. వేలకొలది కూలీలు రాయి కొట్టి, మోసి, పేర్చి కట్టిన ఆ గోడ ఎత్తు సుమారు 124 మీటర్లు; రాతి భాగముయొక్క పొడవు సుమారు 1,450 మీటర్లు; దానికి 26 తలుపులు. ప్రపంచమున మిక్కిలి పెద్ద రాతి ఆనకట్టలలో అది యొకటి. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. సుమారు 203 కిలోమీటర్ల పొడవుగల కుడికాలువకు జవాహరు కాలువయని పేరు. 11 లక్షల ఎకరములకు పైగ సాగునీరిచ్చుటకు అది ఉద్దేశింపబడినది.

ఈ మేలు ఉచితముగ రాలేదు. జలాశయము క్రింద గ్రామములు మునిగినవి. అచ్చటి కుటుంబములు తరతరముల యిండ్లను విడిచి లేచిపోయినవి. ఇక్ష్వాకుల రాజధానియై, బౌద్ధ విహారములకు ఆలవాలమైన విజయపురి లోయయు నీటిపాలయ్యెను. 1954 మొదలు 1960 వఱకు పురాతత్త్వ శాఖవారు త్వరపడి త్రవ్వి, అనేక శిథిలములను నాగార్జునకొండపైకి చేర్చిరి. ఆ కొండ ఇప్పుడొక ద్వీపము. మన పొలములో పాఱు ప్రతి కాలువలో ఇతరుల యిల్లు విడిచిన దుఃఖము కొంత కలసియున్నదని మఱవరాదు. అట్లే కాలువ చివరి భూములకు నీరందక రైతులు ఎదురుచూచు సంవత్సరములును కలవు. ఆనకట్ట కట్టుటతో పని తీరదు. నీటిని న్యాయముగ పంచుటయు ఒక రూపకల్పనయే.

ఈ సత్యము లక్ష్మణరావుగారికి తెలియును. కాబోలు ఇంజనీరు కొలువు ముగించి ప్రజాజీవితమున ప్రవేశించిరి. 1962, 1967, 1971 సంవత్సరములలో విజయవాడ నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికైరి. 1963లో కేంద్ర మంత్రివర్గమున చేరి, 1973 వఱకు ఇంచుమించు పది సంవత్సరములు నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖను నిర్వహించిరి. నదీజలములను గూర్చి రాష్ట్రములు కలహించుకొనిన కాలమది. కృష్ణాజలముల తగవు తీర్చుటకు బచావతు న్యాయస్థానము 1969లో ఏర్పడినది వారు మంత్రిగ నున్నప్పుడే. ఆ తీర్పున మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.లు లభించినవి. నూఱు కోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టి.ఎం.సి. యగును.

వారి ఆలోచనలన్నియు ఫలించినవని చెప్పజాలము. 1972లో వారు గంగానది వఱదనీటిని కావేరివఱకు తెచ్చు మహాప్రణాళికను ప్రతిపాదించిరి. పాట్నా సమీపమున వఱద కాలములో దాదాపు 150 దినములు 60,000 క్యూసెక్కుల నీటిని తోడి, 2,640 కిలోమీటర్ల పొడవున దక్షిణమునకు నడపవలెనని వారి సంకల్పము. నీటిని వందలకొలది మీటర్ల ఎత్తునకు ఎక్కింపవలసి యుండుటచే అపారమైన విద్యుచ్ఛక్తి కావలసి వచ్చెను. కేంద్ర జలసంఘమువారు పరిశీలించి, వ్యయమునకు తగిన ఫలము లేదని తేల్చిరి. ప్రణాళిక ఆగిపోయినను, నదులను కలుపుటను గూర్చిన చర్చ ఆగలేదు. 1980లో కేంద్ర ప్రభుత్వము వేఱొక పథకమును సిద్ధపఱచెను. ఒక పరిశోధకుని ప్రశ్న, సమాధానము దొరకకపోయినను, తరువాతివారికి పని కల్పించును.

వారి సేవలకు 1963లో పద్మభూషణ బిరుదము లభించెను. భారతదేశపు జలసంపదను గూర్చి 1975లో ఒక ఉద్గ్రంథమును ప్రకటించిరి. తమ ఆత్మకథకు క్యూసెక్కుల అభ్యర్థియని అర్థమువచ్చు పేరు పెట్టుకొనిరి. క్యూసెక్కనగా క్షణమునకు ఒక ఘనపుటడుగు చొప్పున పాఱు నీరు. ఎన్నికలలో నిలుచు అభ్యర్థులు పార్టీపేరునో కులముపేరునో చెప్పుకొను దేశమున, నీటికొలతను తమ పేరుగ చెప్పుకొనిన పెద్దమనిషి వీరు. 1986వ సంవత్సరము మే 18వ తేదీన వారు పరమపదించిరి.

నాగార్జునసాగరమునకు దిగువ, ప్రకాశము బ్యారేజికి ఎగువ, పులిచింతలవద్ద కట్టిన 45.77 టి.ఎం.సి.ల జలాశయము 2013లో జాతికంకితమయ్యెను. దానికి డాక్టరు కె. ఎల్. రావు సాగరమని వారి పేరే పెట్టిరి. 2021వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన ఆ ఆనకట్టయొక్క 16వ తలుపు వఱదలో కొట్టుకొనిపోయెను. అంతటి ఆనకట్ట నిలిచియుండగా ఒక్క తలుపు పోయినంతనే ఎంతో నీరు చేజాఱెను. శిలాఫలకముపై పేరు చెక్కినంతమాత్రమున పెద్దల ఋణము తీరదు. వారు చూపిన జాగరూకతను ప్రతి కీలునందు, ప్రతి మరయందు నిలుపుకొనవలెను.

విద్యార్థులారా! మన పాఠశాలనుండి వెడలి ఇంజనీరింగు కళాశాలలకు పోవువారు మీలో అనేకులుందురు. పట్టము పొంది ఉద్యోగమున చేరుట మంచిదే. కుటుంబమునకు అది అవసరము. కాని మీలో ఒకరిద్దఱైనను, పుస్తకము చివర సమాధానము లేని లెక్కకై నాలుగైదు సంవత్సరములు వెచ్చింపగల ఓర్పు చూపవలెనని మా కోరిక. ప్రశ్నలకు మన ఊరు దరిద్రమైనది కాదు. కాలువ చివరి పొలమునకు నీరు చేరుటెట్లు? మిరపకాయలను మబ్బు దినములలో బూజుపట్టకుండ ఆరబెట్టు చౌకయైన సాధనమెట్టిది? నడుము వంచకుండ ప్రత్తి తీయు కూలిస్త్రీకి చేతిలో ఇమిడెడి పనిముట్టు ఎట్లుండవలెను? ఇవి చిన్నవిగ తోచును. ఒక్కొక్కటియు ఒక డాక్టరేటునకు చాలిన లెక్క.

తల్లిదండ్రులకును మా మనవి యొకటి. ముప్పదియేండ్లు దాటినను చదువుచున్నాడని కుమారుని, పెండ్లీడు మీఱినను ప్రయోగశాల విడువదని కుమార్తెను నిందింపకుడు. లక్ష్మణరావుగారు ముప్పదియేడవ యేట పూర్తిచేసిన చదువు, వారి అఱువదియైదవ యేట కాలువనీరై కుడిగట్టు మెట్టభూములకు బయలుదేఱెను. ఇరువదియెనిమిది సంవత్సరములకు పండిన పంట అది. మెట్టరైతునకు ఎదురుచూచుట క్రొత్త గాదు. బిడ్డల చదువు విషయమునను ఆ ఓర్పునే చూపుడని ప్రార్థించుచున్నాము.